బీరకాయ కోసే చేయి

మా కరీంనగర్ ఇళ్లలో కత్తిపీట ముందు కూర్చునే అమ్మల చేతులకు దండం పెట్టాలనిపిస్తుంది. పీటను కాలితో అదిమిపడతారు. కత్తి కదలదు, కాయే కదులుతుంది. ముందు బీరకాయ కొసలు తీసి, చిన్న ముక్క నాలుక మీద వేసుకుంటారు. చేదు తగిలిందా, ఆ కాయ పక్కకే. ఆ చేదు కుకుర్బిటాసిన్లు అనే పదార్థాల వల్ల వచ్చేది, ఎంత ఉడికించినా పోదు, ఎక్కువైతే వాంతులు పట్టుకుంటాయి. తర్వాత కాయను కత్తి అంచున నిలువునా లాగుతుంటే ఈనెలు సన్నటి పోగుల్లా ఊడివస్తాయి. కూరకైతే కాస్త పెద్ద ముక్కలే కోస్తారు, ఉడికేటప్పుడు బీర నీరు వదిలి కుంగిపోతుంది మరి. పెసరపప్పులోకి చిన్నవి. బజ్జీల కోసం కోసే పల్చటి చక్రాలను మాత్రం ఎంతసేపు చూసినా తనివి తీరదు: మాటలు సాగుతూనే ఉంటాయి, చూపు కత్తి మీద ఉండదు, అయినా అన్నీ ఒకే మందం! లేత పొట్టునూ వదలరు. పచ్చిమిర్చితో నూనెలో మగ్గించి, వేయించిన నువ్వులు, చింతపండు, ఉప్పు చేర్చి రోట్లో నూరితే తొక్కు తయారు. ఆదిలాబాద్ జొన్నరొట్టెలోకి దాన్ని మించింది లేదు. ఈసారి లేత బీరకాయలు దొరికితే పొట్టు పారేయకండి.