సత్యభామ ఎవరు వేస్తున్నారు?

బాగా ఆడిన నాటకాన్ని సినిమాగా తీస్తున్నారని తెలిస్తే మన జనం మొట్టమొదట అడిగేది కథ గురించి కాదు. కథ అందరికీ కంఠతా వచ్చిందే. "సత్యభామ ఎవరు వేస్తున్నారు? ఆ పాట ఉంచారా, ఎగరగొట్టారా?" ఈ రెండే ప్రశ్నలు. నవల సినిమా అవుతోందంటే పాఠకుల బెంగ వేరు. అక్కడ మార్చేస్తారనే భయం. (నవలలు రాసేదాన్ని కనక ఆ భయం గురించి చాలా చెప్పగలను, కానీ ఇది సందర్భం కాదు.) పద్యనాటకం సంగతి అలా కాదు. అది అప్పటికే చెవిలో కాపరం పెట్టేసి ఉంటుంది. కాబట్టి ఆ సినిమాకి వెళ్ళడమంటే పెళ్ళిచూపులకు వెళ్ళడం కాదు, అత్తారింటికి పంపిన పిల్ల అక్కడ ఎలా ఉందో చూసి రావడానికి వెళ్ళడం. చిక్కిందా? ఒళ్ళు చేసిందా? నగలన్నీ ఒంటిమీదే ఉన్నాయా? అవన్నీ చూసుకున్నాకే కాఫీ తాగుతాం.

మనకి ఈ ఎదురుచూపులు కొత్త కాదు. అసలు మన టాకీ పుట్టిందే నాటకంలోంచి. 1932లో వచ్చిన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో వేషాలు వేసింది చాలావరకు సురభి వారే. పాటలు రాసిన చందాల కేశవదాసు గారూ నాటకాల మనిషే. 'శ్రీకృష్ణ తులాభారం' నాటకంలో నారదుడు కృష్ణుణ్ణి బజార్లో నిలబెట్టి వేలం వేసే పాట ఆయన రాసిందే. ఆ నాటకం రాసింది ముత్తరాజు సుబ్బారావు గారు. దాన్ని 1935లోనే సినిమా తీశారు. కానీ ఇవాళ తులాభారం అనగానే మన కళ్ళముందు నిలిచేది 1966లో వచ్చిన సినిమా. కమలాకర కామేశ్వరరావు దర్శకత్వం, పెండ్యాల సంగీతం, రామానాయుడి నిర్మాణం. రామారావు కృష్ణుడు, అంజలీదేవి రుక్మిణి, కాంతారావు నారదుడు. జమున సత్యభామ.

ఆ చివరి పేరు దగ్గరే ఉంది అసలు కథంతా. ఎందుకంటే అంతకు ముందు మూడు దశాబ్దాలకు పైగా తెలుగువాళ్ళకి సత్యభామంటే స్థానం నరసింహారావు గారు. మగవారు! బాపట్లలో పుట్టి, తెనాలి రామవిలాస సభలో వెలిగి, 1956లో పద్మశ్రీ అందుకున్న ఆయన ఆడవేషం కట్టి రంగస్థలం మీదికి వస్తే, ఆ చీరకట్టు, ఆ నడక చూసి ఆడవాళ్ళే నేర్చుకునేవారని పెద్దవాళ్ళు కథలుకథలుగా చెప్పేవారు. మా అమ్మమ్మ చిన్నతనంలో తెనాలిలో చూసిందిట. "జడ ముందుకు వేసుకుని వెనక్కి విసిరేవాడే, అబ్బో! ఇంటికొచ్చి మేమందరం అద్దం ముందు విసురుకునేవాళ్ళం," అనేది. నాకు ఈ మాట ఎప్పుడు తలుచుకున్నా నవ్వూ వస్తుంది, కొంచెం గుచ్చుకున్నట్టూ ఉంటుంది. ఆడదానిలా ఎలా అలగాలో, ఎలా బెట్టు చెయ్యాలో మన అమ్మమ్మలు ఒక మగాయన దగ్గర నేర్చుకున్నారన్నమాట. సురభి వారి కుటుంబాల్లో ఆడవాళ్ళే ఆడవేషాలు వేస్తూండేవారు, నిజమే. కానీ ఊళ్ళో గౌరవంగా బతికే ఇంటి ఆడపిల్ల గజ్జె కట్టడం మాత్రం ఆ రోజుల్లో అప్రదిష్ట కింద లెక్క. ఆడదాని కోపానికి చప్పట్లు కొట్టడానికి మాత్రం ఎవరికీ అభ్యంతరం లేదు, కోప్పడేది మగవాడైనంతకాలం.

అందుకని 1966లో జనం ఎదురుచూసింది ఒక సినిమా కోసం కాదనిపిస్తుంది నాకు. అందరికీ సొంతమైపోయిన సత్యభామ మొత్తానికి ఒక ఆడదాని చేతికి వస్తే ఏమవుతుందో చూడ్డానికి. స్థానం వారు అప్పటికి ఉన్నారు, 1971 దాకా ఉన్నారు. ఆయన తనే రాసుకుని, తనే పాడుకుని, వన్స్‌మోర్ల మీద వన్స్‌మోర్లు కొట్టించుకున్న పాటని సినిమాలో ఉంచారు. సుశీల పాడింది. జమున అభినయించింది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆ పాటలో జమున తల తిప్పే తీరు, కంటి చివరి నుంచి విసిరే ఆ గర్వం, ఇంకెవరికీ రావు. అప్పటికే 'వినాయక చవితి'లో సత్య వేషం వేసి ఉంది కూడాను. 2023లో ఆమె పోయినప్పుడు ఎవరి నోట విన్నా సత్యభామ పోయిందనే మాటే.

అయినా ఒక్క సంగతి గమనించారా? రంగస్థలం మీద గొంతూ దేహమూ ఒక్కరివే, కానీ ఆ ఒక్కరూ ఆడది కాదు. తెరమీద ఆడదే, కానీ ఇద్దరాడవాళ్ళు కావలసివచ్చారు. ఒకరి గొంతు, ఇంకొకరి కళ్ళు. ఒక పూర్తి సత్యభామని ఒక్క ఆడమనిషిలో చూసే భాగ్యం ఈ సినిమాలోనూ దక్కలేదు. న్యూజెర్సీలో ఉన్న మా పిన్ని కూతురు మొన్న ఫోన్లో 'వికెడ్' గురించి గంటసేపు చెప్పింది. 2003 నుంచి అక్కడ ఆడుతున్న సంగీత నాటకాన్ని 2024లో ఒకటి, 2025లో ఒకటి, రెండు సినిమాలుగా తీశారు. నాటకాన్ని కంఠతా పట్టినవాళ్ళు అక్కడా ఉన్నారు, వాళ్ళూ "ఎవరు వేస్తున్నారు, ఎవరు పాడుతున్నారు" అనే అడిగారట. అందులో ఇద్దరు నాయికలూ సెట్లో నిలబడి తమ గొంతుతోనే పాడారు. విని అసూయపడ్డాను, దాచడమెందుకు?

మళ్ళీ తులాభారానికి వస్తాను. పారిజాతం రుక్మిణికిచ్చాడని సత్య అలగడం, కాళ్ళమీద పడ్డ కృష్ణుణ్ణి ఎడమకాలితో తన్నడం నంది తిమ్మన నాటి నుంచీ మనకి తెలిసిందే. కాలేజీలో అమ్మాయిలకీ అబ్బాయిలకీ కలిపి పాఠం చెప్పేవారు. ఎవరూ నొచ్చుకోలేదు. కావ్యంలో తన్నితే అది రసం. రంగస్థలం మీద సత్య ఎంత మిడిసిపడినా లోపలున్నది మగవాడే, అది వినోదం. తెరమీద జమున కాలు రామారావు కిరీటానికి తగిలేసరికి అది ఎంత పెద్ద సంగతైపోయిందో! ఇప్పటికీ జమున పేరెత్తితే ఆ తన్ను ప్రస్తావన రాకుండా ఉండదు. అదే పాదం, అదే కథ. మారిందల్లా ఆ పాదం నిజంగా ఆడదానిది కావడమే. నాటకంలో ఎన్నడూ బయటపడనిది సినిమా బయటపెట్టిందంటే ఇదే. దర్శకుడు అనుకుని పెట్టి ఉండకపోవచ్చు.

పాత్రల ఎంపికలో మాత్రం నాకు పేచీ ఉంది. అంజలీదేవిని రుక్మిణిగా పెట్టడం. నటనలో వంక పెట్టడానికి లేదు. కానీ మూడేళ్ళ ముందు 'లవకుశ'లో సీత ఆవిడే. హాల్లో కూర్చున్న ప్రతి ఇల్లాలూ ఆవిడ తెరమీదికి రాగానే మనసులో దణ్ణం పెట్టేసుకుంటుంది. ఇంక తూకం వెయ్యడానికి ఏముంది, తక్కెడ మొదటి సీన్లోనే రుక్మిణి వైపు మొగ్గిపోతే! నాటకంలో ఆ పోటీకి ఒక న్యాయం ఉండేది. నాటకం పొడుగునా సత్యది, చివరి తులసిదళం రుక్మిణిది. గెలుపు ఒకరిది, జనం మాత్రం రెండో ఆవిడ పాట కూనిరాగం తీస్తూ ఇంటికి వెళ్ళేవారు.

ఉన్నదున్నట్టు తెచ్చి తెరమీద పెట్టడమే భక్తి అనుకునేవాళ్ళకి 1965 నాటి 'సత్య హరిశ్చంద్ర' గుర్తుచెయ్యాలి. కె.వి. రెడ్డి అంతటివాడు తీశాడు, ఘంటసాల గొంతుంది, రామారావున్నాడు. అయినా జనం మనసు కరగలేదు. కాటిసీను తెల్లవారుజామున, కళ్ళు మండుతూండగా, హార్మోనియం పక్కన ఆలాపన సాగదీస్తూంటే ఏడవాలి. మ్యాట్నీకి వెళ్ళి ఏడవడం కష్టం.

అదే కె.వి. రెడ్డి 1957లో 'మాయాబజార్' తీసినప్పుడు చేసింది వేరు. శశిరేఖా పరిణయం జనానికి తెలిసిందే, సురభి వారి మాయాబజారులో మాయలు ఊరూరా చూసినవే. ఆయనా, పింగళి నాగేంద్రరావూ నాటకాన్ని అప్పగించలేదు, దానికి జవాబు చెప్పారు. మాయాశశిరేఖని తలుచుకోండి. లోపల ఘటోత్కచుడు, పైన పెళ్ళికూతురు. అంటే ఆడవేషం వేసిన మగవాడు. సరిగ్గా మన రంగస్థలం మీద అన్నేళ్ళు జరిగిందే! ఆ వేషాన్ని సావిత్రి చేత వేయించారు. సిగ్గుపడుతూ పడుతూనే ఉన్నట్టుండి ఒళ్ళు విరుచుకుంటుంది, గదలేని చేత్తో గద పట్టినట్టు నిలబడుతుంది. సుశీల గొంతు పాడుతూంటే మధ్యలో ఘంటసాల గొంతు ఊడిపడుతుంది. మగవాళ్ళు ఆడవాళ్ళని ఎలా అనుకరిస్తారో ఒక ఆడది తిరిగి అనుకరించి చూపించింది, ఎవరినీ నొప్పించకుండా, ఊరందర్నీ నవ్విస్తూ. నాటకం కంఠతా వచ్చినవాళ్ళు కూడా ఇది వస్తుందని అనుకుని ఉండరు.

తులాభారంలో అలాంటి చిలిపితనం ఒక్కటి పడి ఉంటే! పాట ఉంచారు, సంతోషం. నగలన్నీ ఒంటిమీదే ఉన్నాయి. కానీ రంగస్థలానికీ తెరకీ ఉన్న ఒక తేడాని ఆ సినిమా తీసినవాళ్ళు పట్టించుకోలేదు. నాటకంలో అందరూ ఒక్కసారే ఎదురుగా ఉంటారు, ఎవరిని చూడాలో చూసేవాళ్ళ ఇష్టం. సినిమాలో మన తరఫున కెమెరా ఎంచుకుంటుంది. తక్కెడలో తులసిదళం పడే క్షణంలో మా అమ్మమ్మ రుక్మిణి వంక చూసేది కాదట. ఓ పక్కకి తప్పుకుని నిలబడ్డ సత్య ఏం చేస్తోందో చూసేదిట.