లంక ఆకు, అడవి ఆకు

పొగాకునకు పరిమళము కలిగించు మార్గములు రెండు. ఆకునందు అణగియున్న వాసనను ఎండ, గాలి, మంచు, వేడిమి అనువాని సాయమున వెలికి తెచ్చుట మొదటిది; ఆకు తన పుట్టువున ఎరుగని వాసనను వేరొక పదార్థమునుండి తెచ్చి దానికి పట్టించుట రెండవది. పాశ్చాత్యులు పైపులో కాల్చుకొను సువాసనా మిశ్రమములు ఈ రెండవ తెగకు చెందినవి. ఖమ్మము సీమ దాటి, భద్రాచలము చేరి, అచ్చటినుండి కూనవరము, చింతూరు అడవులలోనికి సాగు దారి వెంట గోదావరి, శబరి నదుల దరిని నివసించు రైతులును, కోయలును, కొండరెడ్లును తరతరములుగా ఎరిగినది మొదటి మార్గము. ఏటి నడుమ పండిన ఆకును, కొండ వాలున మొలచిన ఆకును ఒక్క చుట్టలో కూర్చిన ఆ నేర్పును గురించి వ్రాయవలసినంతగా మనవారు వ్రాయలేదు.

పొగాకు మన నేలకు సహజమైన మొక్క కాదు. అమెరికా ఖండమునుండి పోర్చుగీసువారి ఓడలలో వచ్చి, 17వ శతాబ్ది ఆరంభమునకే దక్కను సుల్తానుల కొలువులలో ప్రవేశించినది. అసద్ బేగ్ అను మొగలాయి అధికారి దానిని బిజాపురమునుండి కొనిపోయి అక్బరు పాదుషా యెదుట పెట్టినాడు. కాని గోదావరి లంకలలో కాలూనిన పిదప అది పరదేశపు మొక్క యని ఎవ్వరికిని తోచలేదు. లంక చుట్ట కీర్తి సముద్రములు దాటినది. 1890లో వెలువడిన ‘ది సైన్ ఆఫ్ ఫోర్’ నవలలో షెర్లాక్ హోమ్సు, హంతకుడు కాల్చినది లంక చుట్ట యని తేలినచో అన్వేషణ ఎంతో సులువగునని చెప్పుట చదివినవారికి, లండను నగరమందలి పాఠకులకును ఆ పేరు పరిచితమే యని అర్థము కాగలదు. మన గురజాడవారి గిరీశమునకు చుట్టపై గల మక్కువ నేను వేరుగ చెప్పనక్కరలేదు.

వానకాలమున లంకలను ముంచిన వరద, తీసిపోవునపుడు మెత్తని ఒండ్రును పఱచిపోవును. ఆశ్వయుజ కార్తికములలో దానియందు నారు నాటి, మొక్క మొగ్గ తొడుగు వేళకు తల త్రుంచి, ప్రక్కల పుట్టిన పిలకలను ఎప్పటికప్పుడు గిల్లివేయుదురు. పూవునకును గింజకును పోవలసిన సత్తువ యంతయు ఆకులోనే నిలిచి, ఆకు దళసరియై, జిగురు పట్టి, ఘాటెక్కును. మాఘ ఫాల్గుణములలో కోసి, త్రాళ్ళకు గ్రుచ్చి, తోరణములుగా పందిళ్ళకు వ్రేలాడగట్టుదురు. ఇచ్చట తొందర పనికిరాదు. ఎండ మిక్కుటమైనచో లోపలి పచ్చిదనము చావకముందే ఆకు బిగిసి ఎండిపోవును. తేమ మిక్కుటమైనచో బూజు పట్టును. పచ్చన పసుపై, పసుపు గోధుమవన్నెయై, ఈనె సైతము విరుగునట్లు ఎండిన పిమ్మట, మంచు పట్టి ఆకు మెత్తబడిన తెల్లవారుజామున తోరణములను దింపి మండె వేయుదురు.

ఈ విద్యకు ప్రాణము మండెలో కలదు. ఒత్తుగా పేర్చిన ఆకు తనలోని తేమచేత తానే వేడెక్కును. గడ్డిలో మాగవేసిన మామిడికాయవలె అది కన్నులకు కనబడకుండ లోలోపల మారుచుండును. అనుభవజ్ఞుడైన రైతు మండెలోనికి మోచేతివరకు చేయి జొనిపి, వేడిమి ఎంత ముదిరినదో గ్రహించి, నడిమి ఆకు అంచులకును అంచు ఆకు నడిమికిని వచ్చునట్లు తిరుగవేయించును; ఆలస్యమైనచో ఆకు మాడి నల్లబడి నిస్సారమగును. మొదట ముక్కును పొడుచు నవాసారపు ఘాటు వెలువడును. అది పోయి, తిరుగవేసిన కొలదియు వాసన మెత్తనై, తుదకు ఎండుగడ్డిని, తడిసిన మన్నును తలపించు గంభీరమైన కమ్మదనము నిలుచును. ఇందులో బెల్లము లేదు, అత్తరు లేదు. వేడిమి కొలుచు సాధనము సైతము లేదు. ఉన్నది చేతి తెలివి.

ఇక అడవి ఆకు. తునికిచెట్టు నల్లని చేవ గలది. దాని తియ్యని పండ్లు వేసవిలో పసివారికి ప్రియములు. అయినను దానికి వాసి తెచ్చినది ఆకే. మాఘ ఫాల్గుణములలో పొదలను నేలమట్టమునకు నరికినచో, నెలా పదునైదు దినములకు లేత చిగుళ్ళు వేసి ఆకులు వెడల్పుగా విచ్చుకొనును. చైత్ర వైశాఖముల యెండలలో, తెల్లవారకముందే అడవికి పోయిన స్త్రీలు మధ్యాహ్నమునకు తిరిగి వచ్చి, ఏబదేసి ఆకులను ఒక కట్టగా కట్టి కల్లమునకు చేర్చుదురు. వేయి కట్టలు ఒక బస్తా. ఆంధ్ర ప్రదేశమున 1971 నాటి చట్టముచేత ఈ వ్యాపారమును ప్రభుత్వము తన యధీనమునకు తెచ్చుకొన్నది. ఆకు మిక్కిలి ముదిరినను మిక్కిలి లేతదైనను పనికిరాదు. చిల్లులును మచ్చలును ఉండరాదు. ఎండినను చుట్టినప్పుడు విరుగక, కాల్చినప్పుడు భగ్గుమనక, నెమ్మదిగా కాలుటయే దాని గుణము. మన్యపు వృద్ధుడు అరచేత నలిపిన పొగాకును ఆ యాకులో పోసి, ఒక కొస సన్నముగను ఒక కొస వెడల్పుగను చుట్టి, నిప్పు కణికెతో అంటించి, సగము కాలగనే ఆర్పి చెవిపై దోపుకొని పనికి పోవును. పైపు అనదగినదేదైన అతనికి కలదేని అది ఆ యాకే.

ఒక మిత్రుడు సీమనుండి తెచ్చిన సువాసనా మిశ్రమమును పైపులో కాల్చి చూచితిని. డబ్బా మూత తీసిన మాత్రమున గది యంతయు వెనీలా, ఎండుద్రాక్షల గుబాళింపు. అందు ముఖ్యములు రెండు: ఆవిరిలో మ్రగ్గించి అదిమి నల్లగా చేసిన కావెండిషు ఒకటి, 1864లో ఒహాయో రాష్ట్రమున కనుగొనబడిన తెల్ల బర్లీ జాతి ఆకు మరియొకటి. బర్లీ ఆకు గుల్ల; నీడయందు ఆరునపుడు తన చక్కెరను తానే హరించుకొనును; అందుచేత అతిమధురము, కోకో, బెల్లపు మడ్డి మొదలగువాని పాకమును ఆబగా పీల్చుకొనును. పైపు నింపుటయు ఒక కళయే: అడుగున వదులుగ, నడుమ కొంచెము బిగువుగ, పైన మరికొంత బిగువుగ నింపి, తొలిసారి అంటించి, పైకి లేచిన ఆకును అణచి, మరల అంటించి, ఆరీ ఆరనట్లుగ మెల్లగా పీల్చవలెను. వడిగ పీల్చినచో తీపి పాకము ఆవిరియై నాలుకను చురుక్కుమనిపించును. ప్రక్కన కూర్చున్నవారికి పండుగ. కాల్చువానికి మాత్రము సగము గిన్నె గడచునప్పటికి వెనీలా పోయి, రుచిలేని వేడి పొగ మిగులును. డబ్బాలోని వాగ్దానమును పొగ నిలుపుకొనలేదు. మండెలో మాగిన ఆకు ఇందుకు విపరీతము: చేత పట్టినప్పుడు దాని వాసన మితము, నిప్పు సోకిన పిదప కొసవరకు నిండుగ నుండును.

పాకము పట్టించుట మనవారికి తెలియని విద్య యని దీని యర్థము కాదు. నైజాము సీమలో హుక్కాకు వాడిన గుడాకు బెల్లముతో దంచిన పొగాకే. మన్యమునకు మాత్రము అది అవసరము కాలేదు.

ఈ నేర్పును మెచ్చుకొనుట పొగ త్రాగుటను మెచ్చుకొనుట కాదు. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతముల స్త్రీలు నిప్పు కొసను నోటిలోనుంచి త్రాగు అడ్డపొగవలన అంగుట క్యాన్సరు ప్రబలుట వైద్యులు నిరూపించిన సత్యము. పైపు పొగ గుండెలలోనికి పీల్చకున్నను నోటికి, గొంతునకు చేటు తెచ్చుటయు సత్యమే. నేను గౌరవించునది చుట్టను వెలిగించు వానిని కాదు, మండెను తిరుగవేయు చేతిని, పొదలో పనికివచ్చు ఆకును ఎరిగి కోయు చేతిని. రాజమహేంద్రవరమున 1947లో నెలకొల్పబడిన కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ వంగడములను, ఎరువులను, తెగుళ్ళను పరిశీలించి గ్రంథస్థము చేసినది. ఆ చేతుల తెలివి గ్రంథస్థము కావలసియున్నది. పోలవరము జలాశయము క్రింద మునుగనున్న గ్రామములతో అది చెదరిపోవును గనుక, ఈ కార్యమునకు వ్యవధి తక్కువ.

బర్లీ జాతి నేడు గోదావరి మన్యమునందును పండుచున్నది. లంక రైతు మండె వేసి మాగించు నదీతీరమునకు కొలది దూరములోనే, కొండ వాలులయందు ఆకును నీడలో ఆరవేసి, బేళ్ళు కట్టి పంపుచున్నారు. అది కర్మాగారములకు చేరి, పరుల పాకమును పీల్చి, పరుల పేరుతో అమ్ముడుపోవును.