లేఖిని, పద్మ, పోతన: మూడు పనిముట్లకు ఒక సమీక్ష

కథల సంపుటికి సమీక్ష రాస్తాం. కవితా సంకలనానికి రాస్తాం. ఇప్పుడు వెబ్ సిరీసులకి కూడా రాస్తున్నాం. ఆ సమీక్షని ఏ పనిముట్టుతో టైపు చేశామో దానికి మాత్రం సమీక్ష నా కంటబడలేదు. పరిచయాలు ఉన్నాయి, "ఇలా ఇన్‌స్టాల్ చేసుకోండి" అనే సహాయ వ్యాసాలు ఉన్నాయి, కృతజ్ఞతలు ఉన్నాయి. విమర్శ లేదు. ఉచితంగా ఇచ్చినదాన్ని తప్పు పట్టకూడదన్న మర్యాద ఒక కారణం కావచ్చు. సాఫ్ట్‌వేర్ కుళాయి లాంటిది, నీళ్ళొస్తే చాలు అనుకోవడం ఇంకో కారణం. నా ఉద్యోగంలో రోజూ వేరేవాళ్ళ కోడు చదివి వ్యాఖ్యలు రాయాలి. ఆ అలవాటుతో చెప్తున్నా: ప్రతి ప్రోగ్రాములోనూ దాన్ని రాసినవాళ్ళ అభిప్రాయాలు ఉంటాయి. తెలుగు రాసిపెట్టే ప్రోగ్రాములో తెలుగు గురించిన అభిప్రాయాలు ఉంటాయి. వాటిని పైకి తీసి చూడడమే ఈ వ్యాసం పని.

కథ 1990ల తొలినాళ్ళలో అమెరికాలో మొదలవుతుంది. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో చదువుతున్న కన్నెగంటి రామారావు, ఆనంద కిషోర్ తెలుగుని రోమన్ అక్షరాల్లో రాయడానికి ఒక పద్ధతి తయారుచేశారు. దాన్నే ఆర్టీయెస్ అంటున్నాం. అప్పటి ఇంటర్నెట్ చర్చా బృందాల్లో తెలుగువాళ్ళు పద్యాలూ, వాదాలూ, తిట్లూ అన్నీ ఆ పద్ధతిలోనే రాసుకున్నారు. దాని సూత్రం సులభం. ఇంగ్లీషు చిన్న బడి అక్షరం 'టీ' కొడితే త, పెద్ద బడి కొడితే ట. చిన్న 'ఎన్' న, పెద్దది ణ. చిన్న 'ఎల్' ల, పెద్దది ళ. అచ్చుల్లో హ్రస్వానికి చిన్నది, దీర్ఘానికి పెద్దది.

ఇందులో ఉన్న అభిప్రాయం గమనించండి. మీకు తెలుగు వర్ణమాల తెలుసు అని ఆర్టీయెస్ నమ్ముతుంది. 'కళ' రాయాలా 'కల' రాయాలా అన్నది మీరే తేల్చుకోవాలి, అది సలహా ఇవ్వదు. ఒత్తు మర్చిపోతే ఒత్తు ఉండదు. కాస్త కఠినమైన మాస్టారే, కానీ మీ వాక్యంలో వేలు పెట్టని మాస్టారు.

2000ల మధ్యలో వీవెన్ తయారుచేసిన లేఖిని ఈ పద్ధతినే బ్రౌజరులోకి తెచ్చింది. పైన ఒక పెట్టె, కింద ఒక పెట్టె. పైన రోమన్‌లో కొడుతుంటే కింద తెలుగు కనబడుతుంది. కింది దాన్ని కాపీ చేసుకుని కావలసిన చోట అతికించుకోవాలి. ఇన్‌స్టాల్ చేయాల్సింది ఏమీ లేదు, పేజీని కంప్యూటర్లో దాచుకుంటే నెట్ లేకపోయినా పనిచేస్తుంది. ఈ చిన్న నిర్ణయం విలువ తెలియాలంటే ఆనాటి నెట్ సెంటరు గుర్తు తెచ్చుకోవాలి. విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అనే తెలుగు ఫాంటు ఉండేది, కానీ తెలుగు సరిగ్గా కనబడాలంటే కంట్రోల్ ప్యానెల్‌లోకి పోయి కాంప్లెక్స్ స్క్రిప్ట్ అనే గడిలో టిక్కు పెట్టాలి. అప్పుడది విండోస్ సీడీ అడిగేది. నంద్యాల నెట్ సెంటర్లో గంటకు ఇంతని కట్టి కూర్చున్న కుర్రాడికి ఆ సీడీ ఎక్కడ దొరుకుతుంది? ఆ టిక్కు ఎవరైనా పెట్టి ఉన్న కంప్యూటరు దొరికితే మాత్రం, మిగతా పనంతా లేఖిని చూసుకునేది. యజమాని అనుమతితో పని లేదు. తెలుగు బ్లాగుల తొలి తరం అలా మొదలైంది.

ఇక తప్పులు. లేఖినిలో దిద్దుబాటు పై పెట్టెలో జరుగుతుంది, అంటే రోమన్‌లో. మీరు చదివేది తెలుగు, మార్చేది రోమన్. వాక్యం మధ్యలో ఒక మాట తీసేయాలంటే ముందు దాని రోమన్ రూపాన్ని వెతుక్కోవాలి. దాంతో చాలామంది మార్చడం తగ్గించేశారు. బ్లాగుల కాలం నాటి తెలుగు వచనంలో ఒక చొరవ ఉంది, చెక్కని గరుకుతనమూ ఉంది. ఆ గరుకుతనానికి రచయితలతో పాటు ఆ రెండు పెట్టెలూ కొంత కారణమని నా అనుమానం. ఇంకో విషయం: ఆ తరం రచనల అసలు చిత్తుప్రతులు రోమన్‌లో ఉండేవి, ట్యాబు మూయగానే పోయాయి. కొట్టివేతలతో నిండిన కాగితం మిగలని మొదటి తెలుగు సాహిత్య తరం బహుశా మనదే.

అయినా లేఖిని వైపే నేను మొగ్గుతాను. కారణం మా ఊరి భాష. నంద్యాల, ఆళ్ళగడ్డ వైపు "యాడికి పోతుండావు" అంటాం. "సూడు", "ఏంది", "ఎట్లుండావు" అంటాం. ఫోనులో అంచనా కట్టే కీబోర్డు మీద ఈ మాటలు కొట్టి చూడండి. అది "ఎక్కడికి" అనో, "చూడు" అనో అందించడానికి తహతహలాడుతుంది. దానికి తెలిసిన తెలుగు పత్రికల తెలుగు, ప్రకటనల తెలుగు. ఎక్కువమంది రాసిన రూపమే సరైన రూపం అన్నది దాని సిద్ధాంతం. పది మాటల్లో ఒకటి దాని ఒత్తిడికి లొంగిపోతే చాలు, కథలో ముసలావిడ సగం నంద్యాలలో, సగం విజయవాడలో మాట్లాడుతుంది. లేఖినిలో ఆ బెడద లేదు. మీరు 'సూడు' కొడితే 'సూడు' వస్తుంది. సీమ మాటని సీమ మాటగా రాయాలనుకునే కథకుడికి ఆ నమ్మకమైన మూగతనం పెద్ద సాయం. ఏ మాట సరైనదో చెప్పే హక్కు ఎవరికుంది అన్న పాత వాదం ఇప్పుడు కీబోర్డులోకి వచ్చింది. ఉచిత పనిముట్లు చేసినవాళ్ళు ఆ వాదంలో రచయిత పక్షాన నిలబడ్డారు.

రెండోది పద్మ. వెన్న నాగార్జున గారు ఫైర్‌ఫాక్స్ బ్రౌజరుకి చేసిన జోడింపు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాని మొదలుపెట్టింది కూడా ఆయనే. ఆ రోజుల్లో తెలుగు పత్రికల సైట్లు ఒక్కొక్కటీ సొంత ఫాంటు వాడేవి. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరం అనే వస్తువు ఉండదు. అక్షరం ముక్కలు ఉంటాయి: తలకట్టు ఒక ముక్క, కొమ్ము ఒక ముక్క, ఒత్తు ఒక ముక్క. వాటిని ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన స్థానాల్లో పెట్టేవారు. కంటికి తెలుగు కనబడుతుంది, కంప్యూటరుకి మాత్రం అర్థం లేని ఇంగ్లీషు గుర్తుల వరస. అందులో ఏదీ వెతకలేం. యూనికోడు 1991 నుంచే తెలుగుకి 128 స్థానాల గడి కేటాయించి పెట్టినా, పత్రికలు అందులోకి రావడానికి ఏళ్ళు పట్టింది. పద్మ ఆ ముక్కల్ని పోగుచేసి, ఏ ముక్క ఏ అక్షరానిదో తేల్చి, వరస సరిచేసి యూనికోడు తెలుగుగా చూపించేది.

పద్మ కూడా ఒక అనువాదకురాలే. మూలంలో కన్ను చదివిన క్రమం ఒకటి, భాష క్రమం ఇంకొకటి. కాగితం మీద 'క్రై' ఎలా కనబడినా, భాషలో ముందు క, తర్వాత ర, తర్వాత ఐత్వం. రూపం నుంచి అర్థానికి వెళ్ళే ఆ పని ఒక్కో ఫాంటుకీ విడిగా చేయాలి. ఎంత విసుగు పుట్టించే పనో, ఎంత ఓపిక కావాలో కోడు రాసేవాళ్ళకి చెప్పనక్కర్లేదు. పైగా దాని మూలం తెరిచి పెట్టారు కాబట్టే లేఖిని వెనక పనిచేసే యంత్రం కూడా పద్మదే అయింది. ఒకరు ఓపిగ్గా చేసినదాని మీద ఇంకొకరు నిలబడ్డారు. మన కవిత్వంలో దీన్ని పరంపర అంటాం. కోడులో ఎందుకో ఏ పేరూ పెట్టలేదు.

పద్మ అవసరం ఎంతటిదో చూడాలంటే నంద్యాలలో ఏ డీటీపీ షాపుకైనా వెళ్ళండి. పెళ్ళి పత్రిక, కరపత్రం, ఫ్లెక్సీ, స్థానిక కవి సొంత ఖర్చుతో వేసుకునే పుస్తకం, అన్నీ పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో. పేజ్‌మేకర్ చివరి పెద్ద విడుదల 7.0 వచ్చింది 2001లో. ఆళ్ళగడ్డ శిల్పుల వీధిలో నల్లరాతి మీద చెక్కే శిలాఫలకాల అక్షరాలు కూడా చాలావరకు ముందు ఇలాంటి కంప్యూటర్లలోనే పుడతాయి. ఆ ఫాంట్లు అందమైనవి, ఆపరేటర్ల చేతివేగం అద్భుతం, అందులో వంక లేదు. కష్టం ఎక్కడంటే, ఆ పుస్తకం ఫైలు ముక్కల భాషలోనే ఉండిపోతుంది. రాయి మీద చెక్కింది వందేళ్ళు నిలుస్తుంది. కవి పుస్తకం మాత్రం షాపు హార్డ్‌డిస్కు పోయిన రోజు పోతుంది. మిగిలిన అచ్చుప్రతి ఏ బీరువాలో ఉందో, అంతే. మా వైపు సాహిత్యం నెట్‌లో తక్కువగా కనబడడానికి రాసేవాళ్ళు లేకపోవడం కారణం కాదు. రాసింది ఈ ముక్కల్లో ఇరుక్కుపోయింది.

మూడోది పోతన. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు కెనడాలో ఉంటూ తయారుచేసి ఉచితంగా ఇచ్చిన యూనికోడ్ ఫాంట్లు పోతన, వేమన. లినక్సు పంపిణీల్లోకి కూడా ఇవి చేరాయి. ఆ పేర్లు ఊరికే పెట్టినవి అనుకోను. ఒకరు పద్యకవి, ఒకరు ఆటవెలది చెప్పిన జనకవి. ఫాంట్లూ అలాగే ఉంటాయి: పోతన పుస్తకం పేజీకి నప్పే నిండుతనం, వేమన గీతల్లో ఒకే మందం, సాదాతనం. తెర మీద చిన్న సైజులో పోతన వంపులు కొంత అలుక్కుపోతాయి, వరుసల మధ్య జాగా ఎక్కువ తింటుంది. కానీ విండోస్‌తో వచ్చిన గౌతమి ఒక్కటే దిక్కయిన కాలంలో, తెలుగు పేజీకి ఒక ముఖకవళిక ఉండొచ్చని చూపించింది ఇదే.

ఈ పనిముట్ల చుట్టూ పుట్టిన పదజాలాన్ని కూడా ఒక మాట అనాలి. ఫైలుకి 'దస్త్రం' అని పెట్టారు. తెలుగు వికీపీడియా ఇప్పటికీ బొమ్మల పేజీల ముందు ఆ మాటే వాడుతుంది. దీన్ని గ్రాంథికం అని వెక్కిరించేవాళ్ళకు తెలియనిది, అది పారసీకం నుంచి కచేరీల గుండా మనకొచ్చిన మాట. పక్కనే బనగానపల్లె నవాబుల సంస్థానం 1948 దాకా ఉన్న నేలలో ఆ మాట పరాయిది కాదు. మంచి ఎంపిక. 'వాడుకరి' కూడా నిలబడింది. సంస్కృతంతో బరువెక్కించిన మిగతా చాలా మెనూ మాటలు మాత్రం నిలబడలేదు. వాడేవాళ్ళు ఇంగ్లీషు మెనూకే తిరిగిపోయారు. మాట పుట్టించడం ఒక పని, నోట ఆడించడం ఇంకో పని.

ఇప్పుడు అసలు చిక్కు. ఇంగ్లీషులో ఒకే మాట రెండు అర్థాలిచ్చి ప్రపంచమంతా తికమకపడుతున్న చోట, తెలుగుకి రెండు వేరు మాటలున్నాయి: ఉచితం, స్వేచ్ఛ. హైదరాబాదులో లినక్సుని తెలుగులోకి తెచ్చిన సంస్థ రెండోదాన్నే పేరుగా పెట్టుకుంది. ఈ తేడా తేలేది తయారుచేసినవాళ్ళు అలసిపోయిన రోజున. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57 వచ్చింది. పాత పద్ధతిలో రాసిన జోడింపులన్నీ దానిలో ఆగిపోయాయి. పద్మ ఆ పాత పద్ధతిదే. ఎవరూ దాన్ని చంపలేదు, కింద నేల జరిగింది. ఉచితమైనది మాత్రమే అయితే అక్కడితో కథ ముగిసేది. మూలం తెరిచి ఉంది కాబట్టి, ఇంకొకరు ఎత్తుకోవచ్చు. ఎత్తుకోవడం హక్కు, కానీ ఎవరికీ విధి కాదు. స్వేచ్ఛలో ఉన్న బలహీనత అదే.

మైక్రోసాఫ్ట్ 2019లో విండోస్ 10లోనే తెలుగు ఫొనెటిక్ కీబోర్డు పెట్టింది. ఇక ఈ పాత పనిముట్లు ఎందుకు అని మిత్రులు అడుగుతారు. టైపు చేయడం వరకు నిజమే. ముక్కల్లో ఇరుక్కున్న పాత పుస్తకాల్ని బయటికి తీసే పని మాత్రం ఏ పెద్ద కంపెనీ పట్టికలోనూ ఉండే అవకాశం తక్కువ. అందులో లాభం లేదు. మళ్ళీ ఎవరో ఒకరు రాత్రిపూట, ఉద్యోగం అయ్యాక చేయాల్సిందే.

కాబట్టి నాకు తోచినవి మూడు. పుస్తకం వేయించుకునే రచయితలు పీడీఎఫ్‌తో పాటు యూనికోడు ప్రతి కూడా అడిగి తీసుకోవాలి, రెండు చోట్ల దాచుకోవాలి. ప్రచురణకర్తలు పుస్తకం మొదటి పేజీల్లో ముఖచిత్రం ఎవరిదో వేస్తున్నట్టే ఫాంటు ఎవరిదో, మార్పిడి ఏ పనిముట్టుతో చేశారో వేయాలి. ఇక కోడు రాయగలిగిన మనలాంటివాళ్ళు ప్రతిసారీ కొత్త యాప్ మొదలుపెట్టే ముందు, ఇలాంటి పాత మూలం ఒకటి తెరిచి చదవాలి. మంచి కథని మళ్ళీ చదివినట్టే. ఎక్కడ ఆగిపోయిందో చూసి, అక్కడి నుంచి ఒక పది వరసలు రాసినా చాలు.