వార్త వయస్సు: ఒక పరిశోధన వ్యాసముపై విమర్శ

గంటకు 72 కిలోమీటర్ల వేగముతో పోవు కారు ఒక్క సెకనులో 20 మీటర్లు సాగును. అది తానున్న చోటును వెనుక వాహనమునకు రేడియో ద్వారా తెలుపుచున్నదనుకొనుడు. ఆ వార్త ఒక సెకను పాతదైనచో, వార్తలోని కారునకు, రోడ్డుపైనున్న కారునకు 20 మీటర్ల ఎడముండును. వార్తలో తప్పు లేకున్నను అది దారి తప్పించును.

ఈ పాతదనమును లెక్కకు తెచ్చిన రచనలలో ముఖ్యమైనది సంజిత్ కౌల్, రాయ్ యేట్స్, మార్కో గ్రుటెసర్ అనువారు 2012లో ప్రకటించిన వ్యాసము. స్థితిని ఎంత తరచుగా తెలుపవలెనన్నదే అందలి ప్రశ్న. చేరిన వార్తలలో మిక్కిలి క్రొత్తది పుట్టి ఎంత కాలమైనదో, అదియే ‘సమాచార వయస్సు’. ఇది ప్రయాణకాలము కాదు. ఉత్తరము ఒక్క రోజులో చేరినను, తరువాత నెల రోజులు మరొకటి రాకున్నచో, ఇంటివారికి తెలిసిన క్షేమము నెలనాటిదే గదా!

తరచుగా పంపిన కొలది వయస్సు తగ్గునని తోచును. అది నిజము కాదని ఈ వ్యాసము గణితముతో నిరూపించినది. వార్తలు యాదృచ్ఛికముగా పుట్టి, టిక్కెట్ల కిటికీ ముందు జనమువలె వరుసలో నిలిచి, ముందు వచ్చినది ముందు పోవుననుకొనిరి. ఒక వార్తను పంపుటకు పట్టు సగటు కాలము ఒక ప్రమాణమైనచో, మార్గపు శక్తిలో 10 శాతము వాడినపుడు సగటు వయస్సు సుమారు 11 ప్రమాణములు. 90 శాతము వాడినపుడు 10కి పైగా. 53 శాతమువద్ద మాత్రము మూడున్నరకు లోపలనే. మొదటిచోట వార్తలు అరుదు. రెండవచోట వరుస పొడవు. ఈ స్పష్టతయే వ్యాసమునకు బలము.

అయితే 53 అను సంఖ్యను సూత్రమువలె కంఠస్థము చేయరాదు. క్రొత్త వార్త రాగానే వరుసలోని పాతదానిని పారవేసినచో ఈ లెక్క మారిపోవును. రోడ్డుపై అనేక వాహనములు ఒకే రేడియో మార్గమును పంచుకొనును. ఒకటి అధికముగా పలికినచో మరొకదాని వార్త ఆలస్యమగును. అన్నిటికంటె ముఖ్యముగా, ఈ లెక్క సగటును గూర్చినది. ముందు కారు బ్రేకు వేసిన క్షణమున వార్త ఎంత పాతదన్నదే ప్రయాణికుల ప్రాణములకు ఆధారము. సగటు మంచిదైనను ఆ క్షణము చెడ్డది కావచ్చును. ఆగియున్న లారీని గూర్చిన అయిదు సెకనుల నాటి వార్త ఇంకను నిజమే. మలుపు తిరుగుచున్న మోటారుసైకిలు విషయమున అర సెకనైనను ఎక్కువే. వయస్సు ఈ భేదమునెరుగదు.

ఈ లోపములున్నను, వేగముగా చేరుట వేరు, తాజాగా ఉండుట వేరు అని వ్యాసము చక్కగా బోధించినది. కాలమునుబట్టి వయస్సు పెరుగుచు, వార్త చేరగానే తగ్గుచుండు రంపపు పళ్ళవంటి గీతను విద్యార్థులచే గీయించినచో, ఈ భావము తరగతిలో సులభముగా బోధపడును.