కరెంటు బిల్లూ, రాజ్యాంగమూ

రాజ్యాంగం ప్రజల ఇచ్ఛ నుండి పుడుతుందని మన కాలేజీల్లో పాఠం చెబుతాము. ప్రజలు ప్రతినిధులను పంపుతారు; వారు సభలో కూర్చుని, వాదించుకొని, శాసనం రాస్తారు. కాని గత అరవై యేళ్ళలో యూరప్‌లో ఏ రాజ్యాంగ సభా కూర్చోకుండానే దేశాల రాజ్యాంగాలపైన మరో రాజ్యాంగం లేచి నిలబడింది. దీనిని సమైక్యత సాధించిన విజయమని మెచ్చుకొనే పండిత గ్రంథాలకు కొదవ లేదు. ఆ మెప్పు నాకు మింగుడు పడదు. ఈ కొత్త శాసనం ఎవరి ఆస్తిని ముందు నిలిపింది, ఎవరి హక్కును వెనక్కు నెట్టింది అన్న ప్రశ్నను ఆ గ్రంథాలు చాలావరకు దాటవేస్తున్నవి.

ఇటలీ ప్రభుత్వం 1962లో విద్యుత్ పరిశ్రమను జాతీయం చేసి ఎనెల్ అనే సంస్థ కిందికి తెచ్చింది. అలా జాతీయమైన ఒక కంపెనీలో వాటాదారుడు, మిలాన్ వకీలు ఫ్లామినియో కోస్తా. కొత్త సంస్థ పంపిన 1,925 లీరాల బిల్లు కట్టనన్నాడు. జాతీయకరణ చట్టం 1957 నాటి రోమ్ ఒప్పందానికి విరుద్ధమని అతని వాదన. సొమ్ము స్వల్పం, దావా వేసింది చిన్న కోర్టులో. ఇటలీ రాజ్యాంగ న్యాయస్థానం 1964 మార్చిలో సూటిగానే చెప్పింది: ఒప్పందాన్ని అమలులోకి తెచ్చినదీ మామూలు చట్టమే గనుక, తరువాత వచ్చిన చట్టమే చెల్లుతుందని. జూలై 15న లక్సెంబర్గ్‌లోని యూరప్ న్యాయస్థానం దీనికి పూర్తిగా ఎదురు చెప్పింది. సభ్యదేశాలు తమ సార్వభౌమత్వాన్ని కొంతమేరకు శాశ్వతంగా పరిమితం చేసుకున్నవట. కనుక ఏ దేశ చట్టమూ ఒప్పంద శాసనాన్ని దాటరాదట! రోమ్ ఒప్పందంలో ఆ వాక్యం ఎక్కడా లేదు. జాతీయకరణను ఆ కోర్టు కొట్టివేయలేదు నిజమే. సూత్రం మాత్రం నిలిచిపోయింది. పార్లమెంటు ఒక పరిశ్రమను జనపరం చేస్తే కినిసిన వాటాదారుని దావాలో పుట్టిన సూత్రమిది.

2004లో దీనిని రాజ్యాంగ ఒప్పందంలో అక్షరాలా రాశారు. మరుసటి యేడు స్పెయిన్, లక్సెంబర్గ్ ఓటర్లు ఔనన్నారు. ఫ్రాన్స్, నెదర్లాండ్స్ ఓటర్లు కాదన్నారు. 2009లో అమలుకు వచ్చిన లిస్బన్ ఒప్పందం ఆ వాక్యాన్ని మూలపాఠం నుంచి తీసి, చివర ఒక ప్రకటనలో చేర్చింది. దొడ్డిదారి అంటే ఇదే గదా!

దీని బరువు శ్రామికుల మీద ఎలా పడిందో చూడండి. స్వీడన్‌లో వాక్స్‌హోమ్ పాఠశాల కట్టడానికి లావల్ అనే లాట్వియా కంపెనీ తన కూలీలను తెచ్చింది. స్వీడిష్ ఒడంబడికపై సంతకం చేయనన్నందున 2004లో అక్కడి సంఘాలు పని దిగ్బంధం చేశాయి. 2007 డిసెంబరులో యూరప్ న్యాయస్థానం, సమ్మె ప్రాథమిక హక్కేనని ఒప్పుకొంటూనే, ఈ దిగ్బంధం కంపెనీ సేవా స్వేచ్ఛకు అడ్డమని తీర్పు చెప్పింది. 2009లో స్వీడన్ కార్మిక న్యాయస్థానం సంఘాలచేత నష్టపరిహారం కట్టించింది. హక్కు వున్నదట, వాడుకుంటే జరిమానా!

అలాగని స్వదేశ సార్వభౌమత్వమే మందు అనే మిత్రులతోనూ నేను ఏకీభవించలేను. సబెనా విమానాల పరిచారిక గాబ్రియెల్ దెఫ్రెన్‌కు స్త్రీపురుషుల సమాన వేతన హక్కును 1976లో ఖాయం చేసినది ఈ లక్సెంబర్గ్ న్యాయస్థానమే. (అప్పటికే దావా వేయనివారికి పాత బకాయిలు దక్కవని అదే తీర్పులో కత్తెర వేసింది, యజమానుల ఖజానా మీద అంత దయ!) మరొకవైపు, 2011 సెప్టెంబరులో స్పెయిన్ పార్లమెంటు ప్రజాభిప్రాయం అడగకుండానే తన రాజ్యాంగం 135వ అధికరణాన్ని మార్చి, ప్రభుత్వ అప్పుల చెల్లింపుకు అన్నిటికంటె ముందు స్థానమిచ్చింది. ఒత్తిడి బయటిదే కావచ్చు. చెయ్యెత్తినవారు మాత్రం ఆ దేశపు రెండు పెద్ద పార్టీలవారే. పెట్టుబడికి తలుపు తీసేవారు లోపలా వున్నారు, బయటా వున్నారు.

ఆర్థిక స్వేచ్ఛలకూ సమ్మె హక్కుకూ వైరుధ్యం వస్తే సమ్మె హక్కుదే పైచేయి కావాలని, ఆ మేరకు ఒప్పందాలకు ఒక అనుబంధం చేర్చాలని యూరప్ కార్మిక సంఘాల సమాఖ్య 2008 నుండి కోరుతూనే వున్నది. అది ఇంకా చేరలేదు. ఒప్పందం మార్చాలంటే 27 ప్రభుత్వాలూ ఒప్పుకోవాలి.