'మనీబాల్' సినిమా ఎవరిని లెక్కపెట్టలేదు?

మా చిన్నాయన బెంగళూరులో పనిచేస్తారు. మొన్న సెలవులకు హోసూరు వచ్చినప్పుడు ఆయన ల్యాప్‌టాప్‌లో 'మనీబాల్' అనే అమెరికా సినిమా చూశాను. 2011లో వచ్చింది. బేస్‌బాల్ సినిమా అనగానే నాకేం అర్థమవుతుందిలే అనుకున్నా. తీరా చూస్తే ఇందులో మైదానం తక్కువ. ఆఫీసు గదిలో కూర్చుని ఆటగాళ్ళను కొని, అమ్మి, మార్చుకునే ఒక మనిషి కథ ఇది. ఆ పదవిని అక్కడ జనరల్ మేనేజర్ అంటారు. మన ఐపీఎల్ వేలంపాటలో బల్ల దగ్గర కూర్చుని ధర చెప్పేవాళ్ళ పని లాంటిదే, కాకపోతే ఏడాది పొడుగునా ఉంటుంది.

ఆ మనిషి పేరు బిల్లీ బీన్. నిజం మనిషే. 1980లో హైస్కూలు అయిపోగానే న్యూయార్క్ మెట్స్ జట్టువాళ్ళు అతన్ని మొదటి రౌండులోనే ఎంచుకుని 1,25,000 డాలర్లు ఇచ్చారు. అతను స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ చదువు వదులుకుని ఆటలోకి వెళ్ళాడు. ఊరూరా తిరిగి కుర్రాళ్ళను వెతికేవాళ్ళను అక్కడ స్కౌట్లు అంటారు. వీడు తప్పకుండా పెద్ద ఆటగాడు అవుతాడని వాళ్ళు నమ్మారు. అవ్వలేదు. పెద్ద లీగులో అతను ఆడింది 148 మ్యాచ్‌లే, కొట్టిన హోమ్ రన్లు మూడు. 1990లో ఆట మానేసి తానే స్కౌటుగా చేరాడు. 1997లో ఓక్లాండ్ అథ్లెటిక్స్ జట్టుకు జనరల్ మేనేజర్ అయ్యాడు. ఈ పాత సంగతులు సినిమాలో మధ్యమధ్య చిన్న ముక్కలుగా వస్తాయి. నాకు అన్నిటికన్నా నచ్చినవి అవే. బ్రాడ్ పిట్ ఎక్కడా ఏడవడు, కానీ మ్యాచ్ చూడలేక కారులో తిరిగే మనిషి లోపల ఏముందో మనకు తెలిసిపోతుంది.

కథ 2002 నాటిది. ఆ ఏడాది న్యూయార్క్ యాంకీస్ జీతాలకు సుమారు పన్నెండున్నర కోట్ల డాలర్లు ఖర్చుపెడితే, ఓక్లాండ్ దగ్గర ఉన్నది సుమారు నాలుగు కోట్లు. వీళ్ళ పెద్ద ఆటగాడు జేసన్ జియాంబీని కూడా యాంకీస్ తీసుకుపోయింది. అప్పుడు బీన్ అందరూ వదిలేసిన లెక్క ఒకటి పట్టుకున్నాడు. బేస్‌బాల్‌లో బంతి వేసే పిచర్ నాలుగు చెడ్డ బంతులు వేస్తే, బ్యాటర్ కొట్టకుండానే మొదటి బేస్‌కి నడిచిపోవచ్చు. పాత బ్యాటింగ్ సగటులో ఈ నడక కలవదు. అందుకని ఓపికగా నిలబడి నడకలు సంపాదించేవాళ్ళకు బజారులో ధర తక్కువ. బీన్ అలాంటివాళ్ళను వెతికి తెచ్చుకున్నాడు. మోచెయ్యి దెబ్బతిని, ఇక క్యాచర్‌గా పనికిరాడు అనుకున్న స్కాట్ హాటెబర్గ్ అందులో ఒకడు.

2002 సెప్టెంబరు 4 మ్యాచ్ సన్నివేశం చూసి తీరాలి. అంతకుముందు వరుసగా 19 గెలిచారు. ఆ రోజు 11-0తో ముందుండి, 11-11 దాకా జారిపోయారు. ఆఖర్లో హాటెబర్గ్ హోమ్ రన్ కొట్టాడు. నేనైతే మంచం మీద లేచి నిలబడ్డాను. ఎందుకంటే ఆరో తరగతిలో ఒక కబడ్డీ ఎంపికలో నన్ను సన్నగా ఉన్నానని, ఒక్క కూత కూడా వెయ్యనివ్వకుండా పక్కన నిలబెట్టారు. నాలాంటివాళ్ళ తరఫున ఎవరో గెలిచినట్టే అనిపించింది.

రెండోసారి చూశాక మాత్రం కోపం వచ్చింది. మధ్యలో చిన్నాయనను అడిగి, ఆ ఏడాది లెక్కలు ఇంటర్‌నెట్‌లో చూశాను. ఓక్లాండ్ 103 మ్యాచ్‌లు గెలిచింది. ప్రతి గెలుపునూ ఒక పిచర్ ఖాతాలో రాస్తారు. బ్యారీ జీటో 23, మార్క్ మల్డర్ 19, టిమ్ హడ్సన్ 15. ముగ్గురివీ కలిపితే 57, సగం కంటే ఎక్కువ! ఆ ఏడాది ఆ లీగులో ఉత్తమ పిచర్ అవార్డు జీటోదే. అత్యంత విలువైన ఆటగాడి అవార్డు కూడా ఓక్లాండ్‌కే, మిగెల్ తెహాడాకి వచ్చింది. సినిమాలో వీళ్ళు ఉన్నారా అంటే ఉన్నారు, మన సినిమాల్లో పెళ్ళి సీనులో వెనక నిలబడేవాళ్ళలాగ. తెహాడా డొమినికన్ రిపబ్లిక్‌లో బీద ఇంటి పిల్లవాడు. అతన్ని వెతికి పట్టుకున్నది ఏ కంప్యూటరూ కాదు, సినిమా గదిలో కూర్చోబెట్టి నవ్వించిన ఆ ముసలి స్కౌట్లలాంటి వాళ్ళే. లెక్కలే నిజం చెబుతాయని రెండు గంటలు చెప్పిన సినిమా 57ను ఎందుకు లెక్కపెట్టలేదు?

"సినిమా అన్నాక కొంచెం మార్చుకుంటారు లేరా" అన్నారు చిన్నాయన. నిజమే. పాట సంగతి నేనూ పట్టించుకోను. బీన్ కూతురు పాడే పాట 2008లో వచ్చింది, కథేమో 2002లో జరుగుతుంది. పోనీ, పాట బాగుంది. కానీ జెరెమీ జియాంబీని 2002 కోసం కొత్తగా తెచ్చినట్టు చూపించారు. అతను 2000 నుంచీ ఆ జట్టులోనే ఉన్నాడు. కోచ్ ఆర్ట్ హౌను ఏదీ అర్థంకాని మొండివాడిగా చూపించారు, ఆయన బాధపడి బయటికే చెప్పారు. లెక్కలు వేసే కుర్రవాడి పాత్రకు మూలం పాల్ డిపొడెస్టా. తన పేరు వాడొద్దని అతను అడిగితే పాత్ర పేరు మార్చారు. హౌకి ఆ అవకాశం దొరకలేదు. మనిషిని పైపైన చూసి తూచకూడదని చెప్పే సినిమా, తనకు అడ్డొచ్చిన మనుషులను పైపైనే తూచింది.

ఒక్క విషయంలో మాత్రం ఇది నిజాయితీగా ఉంది. ఓటమిని దాచలేదు. 2000 నుంచి 2003 దాకా నాలుగేళ్ళూ ఓక్లాండ్ ప్లేఆఫ్ మొదటి రౌండులో అయిదో మ్యాచ్‌లోనే ఓడింది. 2002 ఓటమి సినిమాలో ఉంది. బోస్టన్ జట్టు పెద్ద జీతం ఇస్తామన్నా బీన్ వెళ్ళకపోవడం కూడా ఉంది. పద్దెనిమిదేళ్ళప్పుడు డబ్బు చూసి వెళ్ళినవాడు ఈసారి వెళ్ళలేదు. ఆ ఘట్టాన్ని బాగా తీశారు. తరవాత బీన్ హయాంలో ఓక్లాండ్ 2006లో మొదటి రౌండు దాటింది.

ఇంకొక్క సంగతి. సినిమాలో గ్రేడీ ఫ్యూసన్ అనే పెద్ద స్కౌటు బీన్‌తో గొడవపడతాడు, బీన్ అతన్ని అక్కడికక్కడే ఉద్యోగంలోంచి తీసేస్తాడు. మొదటిసారి ఆ సీనుకు నేను చప్పట్లు కొట్టాను. నిజంగా ఫ్యూసన్ 2001 చివరలోనే టెక్సస్ రేంజర్స్ జట్టులో పెద్ద పదవికి వెళ్ళిపోయాడు. 2010లో మళ్ళీ ఓక్లాండ్‌కి వచ్చాడు. థియేటర్లలో జనం అతని ఉద్యోగం పోవడం చూస్తున్న రోజుల్లో అతను బీన్ దగ్గరే పనిచేస్తున్నాడు.

— పదో తరగతి విద్యార్థి