గ్రంథసూచియు స్థానిక విజ్ఞానమును: ముత్తుకూరు సీమ నిదర్శనము

గ్రంథాలయశాస్త్ర పరిశోధనకు ప్రీతిపాత్రమైన విషయములలో సమాచారలభ్యత యొకటి. ఏ గ్రామమున నెందరు పఠితలు గలరు, వారికి గ్రంథాలయ మెంత దూరమున నున్నది, పత్రిక లెన్ని వచ్చుచున్నవి అను ప్రశ్నలు వేసి, సమాధానములను పట్టికలుగా గూర్చుట ఈ పరిశోధనల సాధారణ పద్ధతి. ఈ శ్రమను మేము తక్కువ చేయము. మూతబడిన గ్రంథాలయమును గూర్చి లోకమునకు దెలుపునది ఈ లెక్కయే. కాని తలుపు తెరచిన పిదప పఠిత యే మాటతో వెదకును, ఆ మాట సూచిలో నున్నదా యను ప్రశ్న వీనియం దరుదుగా గానవచ్చును. ఒక జాతి సంస్కృతికి సంబంధించిన విజ్ఞానము విషయమున లభ్యత ప్రధానముగా నీ మాటపై నాధారపడియున్నదని మా యభిప్రాయము. నెల్లూరు తీరమందలి ముత్తుకూరు సీమను నిదర్శనముగా గొని దీనిని పరిశీలింతము.

మొదట ఊరిపేరు. ముత్తుకూరు మండలమునందలి కృష్ణపట్టణమున 2008లో నాధునిక నౌకాశ్రయము పని ప్రారంభించినది. 13వ శతాబ్ది శాసనములలో నీ రేవునకు కొల్లిత్తురై యనియు గండగోపాలపట్టణమనియు పేళ్ళు. నానాదేశముల వర్తకులు తమ సరకులపై గొంత భాగమును దేవాలయమున కొసగుట కిచట నేర్పాటు చేసికొనిరి. ఈ శాసనములను బటర్వర్తు, వేణుగోపాలచెట్టి గార్లు 1905లో ప్రకటించిన నెల్లూరు మండల శాసనముల మూడు సంపుటములలో జూడవచ్చును. ఆ సంపుటములు తాలూకాల వరుసను గూర్పబడినవి. కృష్ణపట్టణము గూడూరు తాలూకాలో నున్నది. 1985లో తాలూకాలు పోయి మండలములు వచ్చినవి. 2022లో గూడూరు తిరుపతి జిల్లాలో జేర్పబడగా, ముత్తుకూరు నెల్లూరు జిల్లాలోనే నిలిచినది. కావున ముత్తుకూరు విద్యార్థి తన రేవు చరిత్రను వెదకవలెనన్నచో పాత తాలూకాయు, పాత పేరును ముందే తెలిసియుండవలెను. తెలిసికొనుటకై వెదకువాడు ముందే తెలిసియుండవలెననుట వింత గదా! ఇది సంపాదకుల దోషము కాదు. ఆనాటికి తాలూకావరుసయే సహజము. గ్రంథమున కొక్క పత్రము వ్రాసి, లోపలి యూళ్ళకు పత్రములు వ్రాయక విడిచిన సూచీకర్తలదే లోపము.

రెండవది వృత్తి. ముత్తుకూరున 1991లో మత్స్యశాస్త్ర కళాశాల యేర్పడినది. అచటి శాస్త్రజ్ఞులు లాటిను పేరుతో నెరుగు నొక చేపను తీరమున నందరును పండుగప్ప యందురు. దానిని చెరువులలో గూడ పెంచుదురు. దాని తెగుళ్ళను గూర్చిన వ్యాసములు లాటిను, ఆంగ్ల శీర్షికల క్రింద నుండి, పండుగప్ప యను మాటకు ‘ఫలానా శీర్షిక చూడుడు’ అను పత్రమైన లేనిచో, చేప చచ్చుచున్న రైతునకు ఆ గ్రంథాలయము తన యూరనే యున్నను లేనట్లే. నష్ట మిరువైపులను గలదు. రైతు తెగులునకు బెట్టిన పేరు పరిశోధకుని చెవి చేరదు.

మూడవది జ్ఞాత యెవడను ప్రశ్న. నెల్లూరు తీరపు యానాదులు మూలికలను, పాములను, కాలువలలోని చేపల జాడలను బాగుగా నెరిగినవారు. థర్స్టను, రంగాచారి గార్లు 1909లో ప్రకటించిన దక్షిణదేశ కులముల గ్రంథమున వారిని గూర్చి విపులముగా వ్రాసిరి. డ్యూయీ వర్గీకరణమున నట్టి గ్రంథమునకు జోటు సాంఘికశాస్త్రముల 300 శ్రేణిలో. వైద్యము 610లో, చేపలవేట 639లో. ఇందువలన యానాది యెరిగిన మూలిక వైద్యగ్రంథముల సరసకు జేరక, యానాదియే పరిశీలనవస్తువై మిగులుచున్నాడు. తెలిసినవాడు తెలియబడువాడుగా మారుట చిన్న మార్పు కాదు. అందుబాటును గొలుచు పరిశోధనలు ‘ఈ గ్రంథము యానాదికి దొరకునా?’ అని యడిగినను, ‘యానాది విజ్ఞానము విజ్ఞానముగా నమోదైనదా?’ అని యడుగుట లేదు.

మన భాషకును ఇట్టి గతియే పట్టినది. డ్యూయీ పద్ధతిలో తెలుగు సంఖ్య 494.827. తుర్కీ, హంగేరియను, ఫిన్నిషు భాషలు దానికి పొరుగులు. పొరుగు చెడ్డదని మేమనము; సంబంధము లేని పొరుగని మాత్రము చెప్పక తప్పదు. శ్రీ రంగనాథన్ 1931లో బ్రకటించిన పంచసూత్రములను మన పరిశోధకులు పీఠికలలో తప్పక స్మరింతురు. ప్రతి గ్రంథమునకు దాని పఠిత దొరకవలెనను సూత్రమును సూచిలోని మాటలపై బెట్టి పరీక్షించువారు మాత్రము కొలదిమంది.

ఇచట నొక యాక్షేపణ కవకాశము గలదు. ఊరికొక మాట చొప్పున సూచిలో జేర్చినచో గ్రంథాలయముల నడుమ నేకరూపత చెడునందురేమో. చెడదు. వర్గసంఖ్య యొక్కటియే యుండవచ్చును. దానిని జేరు దారులు పెక్కు లుండవలెను. ఆ దారులకు వలయు సామగ్రి మనకు బొత్తిగా లేనిది కాదు. శ్రీ భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి 1962లో ప్రకటించిన మాండలిక వృత్తిపదకోశపు తొలి సంపుటము వ్యవసాయపదములను సీమలవారీగ సేకరించినది. భాషాశాస్త్రమున కది చేసిన మేలు సుప్రసిద్ధము. సూచీకర్తకు గూడ నది పనిముట్టు గాగలదను సంగతిని గ్రంథాలయశాస్త్రము తగినంత గుర్తింపలేదు. తెలుగుశాఖయు గ్రంథాలయశాస్త్రశాఖయు గలిసి చేయదగిన పని యిదియే. పదము నొకరు సేకరింతురు, దానిని శీర్షికతో రెండవవారు ముడివేయుదురు.

1914లో బెజవాడలో నాంధ్రదేశ గ్రంథాలయసంఘ మేర్పడినపుడు పుస్తకమును పల్లెకు జేర్చుటయే లక్ష్యము. 1948 నాటి మదరాసు చట్టము, 1960 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టము గ్రంథాలయపన్నును విధించి ఆ లక్ష్యమునకు ధనబలము గూర్చినవి. ఇంటిపన్నుతో బాటు ఆ పన్ను చెల్లించు పల్లెవాడు తన మాటతో వెదకుట కధికారి. ఆ మాటకు సూచి బదులు పలికినదా లేదా యనుటయే లభ్యతను గూర్చిన ప్రతి పరిశోధనకును మేము కోరు గీటురాయి. ఈ పరీక్షకు నిలువని పట్టికలు గ్రంథాలయమునకు వచ్చినవారిని లెక్కింపగలవు గాని, వచ్చి వెదకినది దొరకక మరలిపోయినవారిని లెక్కింపజాలవు.